‘అని’ లేని పేజీ

“వాన పడుద్దేమోనే రెజీనా! ఆ రిక్షాకి టాపు కూడా లేదు. ఫారాలన్నీ తడిసి ముద్దయిపోతే వెంకటప్పయ్యగారు మళ్ళీ మనకి పని పంపిస్తారా?”

మే నెల. గుణదల కొండ మీద సిలువ నుంచి కింద కాలవగట్టు దాకా ఆకాశంలో చిటికెడు మబ్బు లేదు. ఇంటర్ సెలవుల్లో ఉన్న రెజీనా గుమ్మంలోంచి తల బయటికి పెట్టి చూసి, “వానా? కాకులు కూడా బయటికి రావట్లేదమ్మా ఎండకి” అంది.

“అదేనే నా భయం. ఇంత ఎండ కాసిందంటే సాయంత్రానికి గాలివాన రాకుండా ఉండిద్దా?”

మార్తకు ఎండ కాస్తే వాన భయం, వాన పడితే పిడుగు భయం, రెండూ లేని రోజున ఎందుకు లేవా అని భయం. భర్త సొలొమోను ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఫిట్టరు. స్టాఫు బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, బస్సు కాలవలో పడిపోయినట్టూ, కాలనీ జనమంతా పరిగెత్తుకొస్తున్నట్టూ, తను తెల్లచీర కోసం ట్రంకుపెట్టె వెతుకుతున్నట్టూ మొత్తం కళ్ళకు కట్టేది. ఈలోపు ఆయన వచ్చి చెప్పులు విప్పుతుంటే ఏడుపూ సంతోషమూ కలిసి నోట్లోంచి మాటలు ధారగా కారిపోయేవి. “ఏమండీ, ఇంతాలస్యమైందేంటి? ట్రాఫిక్కా? ట్రాఫిక్కే అయ్యుంటదిలెండి. అన్నం పెట్టెయ్యనా? కాసేపాగుతారా? సరే, కాసేపాగే పెడతాలెండి.”

సొలొమోను ఈలోపు పేపరు విప్పుకునేవాడు. మార్త ఇంట్లో ప్రశ్న ఆమెదే, జవాబూ ఆమెదే. మధ్యలో కళ్ళజోడు సర్దుకోవడం ఒక్కటే ఆయన వంతు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి జవాబు కోసం పట్టుబట్టి కూర్చుంది. “అడిగిందానికల్లా చెప్పడానికి నేనేవన్నా రైల్వేస్టేషన్లో ఎంక్వైరీ కౌంటర్నా?” అన్నాడాయన. పక్కింటివాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు మార్త చెవిలో ఎక్కడో ఇరుక్కుపోయింది. ఆయన మాటలు రాని మనిషేం కాదు. యూనియన్ మీటింగుల్లో మైకు పట్టుకున్నాడంటే వదలడని పేరు. ఆ మాటలన్నీ గేటు దగ్గరే దించేసి ఇంటికొచ్చేవాడు. ఇంట్లో ఆయన మౌనం చాలా పనులు చేసేది. కూర బాగాలేదని చెప్పేది, పుట్టింటికి వద్దని చెప్పేది, కొత్త చీర ఇప్పుడెందుకని చెప్పేది. ఆయన మాత్రం ఎప్పుడూ దేనికీ వద్దన్న పాపాన పోలేదు. వద్దులెండి అనేది మార్తే. “నేను ఎప్పుడన్నా కాదన్నానా?” అని చుట్టాల్లో ఆయన ధైర్యంగా అనగలిగేవాడంటే అందుకే.

రిక్షా వచ్చింది. వాన రాలేదు. మార్త కట్టలన్నీ తడిమి చూసి నిట్టూర్చింది.

గవర్నర్‌పేటలో వెంకటప్పయ్యగారి బైండింగు షాపు నుంచి వచ్చే కట్టలవి. అచ్చయిన పెద్ద పెద్ద కాయితాలు. ఒక్కో కాయితానికి రెండు వైపులా కలిపి పదహారు పేజీలు. దాన్నే ఫారం అంటారు. మూడు మడతలు వేసి, వెదురు బద్దతో గీసి, పేజీలు వరసలోకి తెచ్చేది మార్తలాంటి ఆడవాళ్ళు. పుస్తకంలో ఎన్ని ఫారాలుంటే అన్ని ఇళ్ళకు తలా ఒకటి పంచేవాళ్ళు. మార్త ఇంటికి ఏదో ఒక ఫారం వచ్చిందంటే పని అయ్యేదాకా అదే ఫారం, అవే పదహారు పేజీలు, వందల కాయితాలు. ముందేం రాశారో తెలియదు. తర్వాతేం రాశారో అసలే తెలియదు.

కొత్త శతాబ్దం వచ్చిన ఆ రోజుల్లో బెజవాడ పుస్తకాల షాపుల్లో ఎక్కడ చూసినా మనుషుల్ని గురించిన పుస్తకాలే. కోపాన్ని గెలవడం ఎట్లా, నలుగురిలో మాట్లాడటం ఎట్లా, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో కనిపెట్టడం ఎట్లా, మొగుడూ పెళ్ళాలూ పోట్లాడుకోకుండా బతకడం ఎట్లా. ఇవన్నీ మడతలు పడ్డది గుణదల సందుల్లోనే. సిస్టర్ల బడిలో ఏడో తరగతి దాకా చదివిన మార్త మొదట్లో పేజీ నంబర్లు మాత్రమే చూసేది. తర్వాత ఒక్కో వాక్యం. విప్పి ఉన్న ఫారంలో సగం పేజీలు తలకిందులుగా ఉంటాయి కనక తలకిందుల అక్షరాలు చదవడం కూడా వచ్చేసింది. చేతులు మడుస్తూనే ఉండేవి, కళ్ళు చదువుతూనే ఉండేవి. ఒక పుస్తకంలో కోపం ఎందుకొస్తుందో పూసగుచ్చినట్టు చదివింది. ఎట్లా తగ్గించుకోవాలో చెప్పే ఫారం రెండిళ్ళ అవతల బుల్లెమ్మకు పోయింది. బుల్లెమ్మకు చదువు రాదు. అందుకేనేమో, బుల్లెమ్మ కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఇంకో పుస్తకంలో, మనం భయపడేవాటిలో చాలా భాగం జరగనే జరగవని రాశారు. మార్త దానిమీద ఒక రోజంతా ఆలోచించింది. చాలా భాగం జరగవు సరే, జరిగే ఆ కాస్తా ఎవరికి జరుగుతాయి? రాసినాయన ఆ సంగతి చెప్పకుండానే ఫారం అయిపోయింది.

“మడతపెట్టమన్నారా, చదవమన్నారా నిన్ను?” అనేది అత్తగారు తెరేసమ్మ, మంచం మీద జపమాల తిప్పుకుంటూ. “మనుషుల్ని గురించి పుస్తకంలో చదవాలంటే? నేను చదివానా? ముగ్గురు ఆడబిడ్డల మధ్య కాపరం చేశాను. అంతకంటే పుస్తకం ఉందా?”

అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ మార్తకు ఒక కోరిక ఉండేది. ఎవరికీ చెప్పుకోలేనంత చిన్నది, వదిలించుకోలేనంత పెద్దది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క పుస్తకం చదవాలి. ఒక మనిషి చెప్పే మాట మధ్యలో తెగకుండా వినాలి. షాపులో ఫారాలన్నీ వరసగా పేర్చి సరిచూసేది సంపూర్ణమ్మగారు. పుస్తకం మొత్తం ఆమె చేతిలోంచే పోతుంది. ఆ కుర్చీలో కూర్చున్నట్టు మార్త ఎన్నోసార్లు ఊహించుకుంది. ఊహించుకున్న ప్రతిసారీ తనెక్కిన సిటీబస్సు బోల్తా పడేది. కిందటేడు షాపులో ఇంకో మనిషి కావాలన్నప్పుడు ఇంట్లో అడిగింది కూడా. “ఏమండీ, షాపులో పనికి రమ్మంటున్నారు. వెళ్ళనా? పొద్దున్నే వెళ్ళాలంట. మీకు క్యారేజీకి ఇబ్బందయిద్దేమో? అయిద్దిలెండి. అత్తయ్యక్కూడా టయానికి పెట్టేవాళ్ళుండరు. పోనీలెండి, వద్దులెండి.” ఆయన పేపరు తిరగేశాడు. అంతే. ఆ ఉద్యోగానికి చావుకబురు చెప్పింది కూడా మార్త నోరే.

ఈసారి వచ్చిన ఫారం ఎదుటివాళ్ళతో మాట్లాడే పద్ధతుల గురించి. దాని చివరి పేజీలో, అట్టడుగున, ఈ మాటలున్నాయి: ‘ఒక ప్రశ్న అడిగాక మళ్ళీ మీరే నోరు విప్పకండి. అవతలి మనిషి జవాబు చెప్పేదాకా, ఎంతసేపైనా సరే, ఒక్క మాటైనా మాట్లాడకూడదు’

వెదురు బద్ద ఆగిపోయింది. అక్కడితో పేజీ అయిపోయింది. చివర చుక్క లేదు. అచ్చులో ఎగిరిపోయిందనుకుంది. మళ్ళీ చదివింది. తర్వాతి కాయితం మడుస్తూ మళ్ళీ. సాయంత్రమయ్యేసరికి ఆ మాటలు చూడకుండా వచ్చేశాయి. ఎవరో తన ఇంట్లో గోడ చాటున నిలబడి, తన నోట్లోంచి జారిపోయే మాటలన్నీ విని, జాలిపడి రాసినట్టుంది. ఇన్నేళ్ళూ ఆయన జవాబు చెప్పలేదనుకుంది. చెప్పడానికి తను సందిచ్చిందెప్పుడు? ఆ ఖాళీ అంటే ఎంత భయం తనకి! ఆ ఖాళీలోకి తిట్టొచ్చి పడుద్దేమో, వెక్కిరింపొచ్చి పడుద్దేమో, ఎంక్వైరీ కౌంటరొచ్చి పడుద్దేమో. అవి పడకముందే తనే పరిగెత్తుకెళ్ళి ఆ ఖాళీని వద్దులెండితో పూడ్చేసేది.

మర్నాడు పొద్దున అత్తగారి దగ్గర మొదలుపెట్టింది. “అత్తయ్యా, కూరేం చెయ్యమంటారు?” అని, పెదాలు బిగించుకుంది.

తెరేసమ్మ జపమాల తిప్పుతూ కాసేపు చూసింది. రోజూ అయితే ఈపాటికి కోడలు బీరకాయా, దొండకాయా, పోనీ పప్పులో దోసకాయా అని తనే అడిగి తనే తేల్చేది. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, “బీరకాయా? పథ్యం కూడా మొదలెట్టావా?” అనే హక్కు తెరేసమ్మకు ఉండేది.

“ఏంటే, ఒంట్లో బాలేదా?”

మార్త తల అడ్డంగా ఊపింది. నాలుక మీదికి దొండకాయ వచ్చేసింది. మింగేసింది.

“అట్టా గుడ్లప్పగించి చూస్తావేంటే పొద్దున్నే! భయమేస్తంది. బెండకాయ చెయ్యి, బెండకాయ!”

ఆ మధ్యాహ్నం తెరేసమ్మ కంచం వంక చూసి, కోడలి వంక చూసి, నోరు తెరిచి మూసుకుంది. తనే చెప్పిన కూరకు ఏమని వంక పెడుతుంది? మార్త వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఒక్కతే నవ్వుకుంది. ఆ నవ్వు వచ్చి ఎన్నాళ్ళయిందో.

ఆ వారంలోనే బుల్లెమ్మ కబురు మోసుకొచ్చింది. సంపూర్ణమ్మగారు కూతురి దగ్గరికి రాజమండ్రి వెళ్ళిపోతున్నారట. షాపులో ఆమె చోటు ఖాళీ. మడిచిన కట్టలు అప్పజెప్పే వంకతో మార్త రిక్షాలోనే గవర్నర్‌పేట వెళ్ళింది. దారంతా మేరీమాతకు మొక్కుకుంటూనే ఉంది. రిక్షా పడకూడదని కొంచెం, ఆ చోటు వేరెవరికీ పోకూడదని ఎక్కువ.

“వెంకటప్పయ్యగారూ, సంపూర్ణమ్మగారి పని నేను చెయ్యనాండీ?”

వెంకటప్పయ్య కళ్ళజోడు మీంచి చూశాడు. మార్త నోట్లో ‘నాకేం వస్తదిలెండి, ఊరికే అడిగా’ అనే మాటలు పళ్ళ దాకా వచ్చి నిలబడ్డాయి. కాలిబొటనవేలు నేలకేసి నొక్కి వాటిని అక్కడే ఆపింది. వెనక కటింగ్ మిషన్ కత్తి దబ్బున పడి లేచింది. ఆయన చెవి గోక్కున్నాడు. గోడ మీద క్యాలెండరు చూశాడు.

“నువ్వు నిలకడ మనిషివే కానీ, ఇంట్లో ఏమంటారోనమ్మా. పోయినేడు రానన్నావుగా?”

మార్త మాట్లాడలేదు. ఇదింకా జవాబు కాదు.

“సరే, సోమవారం వచ్చెయ్. తొమ్మిదింటికల్లా ఉండాలి మరి.”

తిరిగి వస్తూ గాల్లో తేలింది. ఆ ఊపులోనే బుల్లెమ్మ ఇంటి దగ్గర ఆగింది. బుల్లెమ్మ అరుగు మీద కూర్చుని అదే పుస్తకం తర్వాతి ఫారం మడుస్తోంది. “ఏవుందే మార్తా నా దాంట్లో? నీ దాంట్లో మంచి సంగతులొచ్చినయ్యన్నావుగా, నాదీ చదివి చెప్పు” అంది. మార్త ఒక మడత అందుకుని మొదటి పేజీ తిప్పింది.

‘అని కొందరు పాతకాలపు పెద్దమనుషులు సలహా ఇస్తూ ఉంటారు. ఇది పొరపాటు. వ్యాపారంలో చెల్లవచ్చునేమో గానీ సంసారంలో మౌనం విషంతో సమానం. ముఖ్యంగా ఇల్లాలు బిగదీసుకు కూర్చుంటే ఇంట్లో శాంతి ఉండదు. భర్త పలకకపోతే ఆమే రెండు చల్లని మాటలు కలిపి సర్దుకుపోవాలి.’

“ఏందే, మొహమట్టా పాలిపోయింది? ఎవురన్నా చచ్చిపోయారా అందులో?” అంది బుల్లెమ్మ.

అచ్చులో చుక్క ఎగిరిపోలేదన్నమాట. వాక్యమే అయిపోలేదు. ఒక్క ‘అని’ రెండిళ్ళ అవతలికి పోయింది. ఆ ‘అని’ లేకపోబట్టి, ఏ మాట వద్దని పుస్తకం చెప్పిందో ఆ మాటనే సువార్తలా పట్టుకుని తను అత్తగారినీ వెంకటప్పయ్యగారినీ ఎదుర్కొంది. సర్దుకుపోవడం తెలియకనా? ఎంత తప్పు చేసింది! ఇక ఇంట్లో శాంతి ఉండదు. ఆయన వదిలేస్తాడు. రెజీనా పరీక్ష తప్పుతుంది. అత్తగారు మంచం పడుతుంది. ఇల్లు కూలిపోతుంది. అంతా ఆ అరుగు మీదే, ఎండలో, వరసగా జరిగిపోయింది.

జరిగిపోయాక, కాస్త తేరుకుని, మళ్ళీ చదివింది. రెండు చల్లని మాటలు. ఎన్ని కలిపింది తను! పెళ్ళయిన దగ్గర్నుంచి కలుపుతూనే ఉంది. ఈ రాసినాయన ఇంట్లో ఎవరో కలుపుతూ ఉంటారు, ఆయన రాసుకుంటూ ఉంటాడు. ఇంకోటి కూడా తోచింది. మౌనం విషమే అయితే, ఆ విషం తమ ఇంట్లో రోజూ పోస్తున్నది ఎవరు? మొగుణ్ణి ఒక్క మాట అనకుండా, విరుగుడు మాత్రం ఇల్లాలినే మింగమంటున్నాడేంటి ఈ మహానుభావుడు? పుస్తకాలు రాసేవాళ్ళంటే అన్నీ తెలిసినవాళ్ళని ఇన్నాళ్ళూ అనుకుంది. కాదు. వాళ్ళూ మనుషులే. కొందరు తన ఇంటిదాకా వచ్చి చూసినట్టు రాశారు, కొందరు రాకుండానే రాశారు. బెండకాయ కూర మాత్రం నిజం. సోమవారం వచ్చెయ్ అన్న మాట నిజం.

“ఎవురూ చావలేదు వదినా,” అంది మార్త, ఆ మడతను కట్ట మీద పెడుతూ. “ఇందులో నాకు పనికొచ్చేదేం లేదు.”

పుస్తకాన్ని కాదనడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చాక అందరూ కింద చాప మీద అన్నానికి కూర్చున్నారు. కోడికూర చేసింది. ఏ ప్రశ్న అడగాలో శనివారమంతా ఆలోచించింది. ‘వెళ్ళనా?’ అని అడిగితే ఆయన పేపరు తిరగేస్తాడు. వెళ్ళనా అన్నదానికి మౌనమంటే వద్దనే. అది పాత దారి. పేపరు తిరగేసి జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటి కావాలి. బట్టలుతుకుతూ వెతికింది, నీళ్ళు పడుతూ వెతికింది. చివరికి బియ్యం కడుగుతుంటే దొరికింది.

“ఏమండీ, రేపట్నుంచి నేను షాపులో పనికి పోతున్నా. పొద్దున వెళ్తే సాయంత్రమే. మీ డ్యూటీ ఈ నెలంతా రెండో షిఫ్టే కదా, మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటారు. పొద్దున అన్నం ఎవరొండుతారు?”

అడిగేసింది. పెదాలు మూసుకుంది.

సొలొమోను ముద్ద కలుపుతున్న చెయ్యి నెమ్మదించింది. అంతలో కరెంటు పోయింది. కరెంటు తయారుచేసేవాళ్ళ ఇల్లని దానికేం మొహమాటం? ఫ్యాను కిర్రుమంటూ తిరిగి తిరిగి ఆగిపోయింది. ఇంట్లో ఇక ఏ చప్పుడూ మిగల్లేదు. ఆయన కూరలో ఎముకని ఇటునుంచి అటు జరిపాడు. అలవాటు కొద్దీ ఆమె చెప్పబోయే తర్వాతి మాట కోసం ఆగాడు. ‘పోనీలెండి, తెల్లారుజామునే లేచి నేనే వండి పోతాలెండి’ అనాలి ఆమె. అది ఎక్కడికీ పోలేదు. గొంతులోనే ఉంది. ముల్లులా గుచ్చుతోంది.

“ఏం ఉద్యోగమే, ఎవరినడిగి?” అంది తెరేసమ్మ. “మగోడు గరిట పట్టాలా ఈ ఇంట్లో? మా ఆయన బతికుండగా పొయ్యి ఏ దిక్కునుండేదో ఎరగడు.”

“అత్తయ్యా, నేనడిగింది ఆయన్నండీ,” అంది మార్త.

రెజీనా తల్లి మొహం వంకా తండ్రి మొహం వంకా చూసి, తట్టుకోలేక, “నాకు సెలవులేగా అమ్మా, నేనొండు...” అనబోయింది.

“నువ్వూరుకో. అడిగింది నిన్ను కాదు.”

ఆ మాట అంటుంటే మార్తకు కళ్ళు చెమ్మగిల్లాయి. కూతురి గొంతులో తన గొంతే వినపడింది. అవతలివాళ్ళు పలక్కముందే పరిగెత్తుకొచ్చి ఖాళీ పూడ్చే గొంతు. ఇవాళ తను లొంగితే ఆ గొంతు ఇంకో ఇంట్లో, ఇంకో చాప మీద కూర్చుని, ఇంకొకరి పేపరుతో మాట్లాడుతుంది. అది తలుచుకుంటే బస్సు బోల్తా పడటం కూడా చిన్నదైపోయింది.

సొలొమోను మంచినీళ్ళు తాగాడు. గ్లాసు పెట్టాడు. ఆగిపోయిన ఫ్యాను వంక చూశాడు. పేపరు కోసం పక్కకు చెయ్యి చాపాడు. చెయ్యి ఎంగిలని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. ఇప్పుడు కంచం ఎత్తి కొడతాడు అనుకుంది మార్త. కొట్టలేదు. ఇప్పుడు లేచి వెళ్ళిపోతాడు అనుకుంది. లేచాడు కూడా. దొడ్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. వెళ్ళిపోవడానికి దొడ్డిగుమ్మం తెరిచే ఉంది. మార్త చాప మీంచి కదల్లేదు, తలుపు వంక చూడలేదు, ఆపమని మాతకు కూడా చెప్పుకోలేదు. చెమట కణతల మీంచి మెడ మీదికి జారింది. కొండ మీద ఎవరో జనరేటరు వేసి మైకులో పాట పెట్టారు, అదీ అయిపోయింది. ఎదురింటి బ్యాటరీ రేడియో వార్తలు చదివింది, అవీ అయిపోయాయి. భయపడ్డవేవీ జరక్కుండా ఇంతసేపు గడవడం మార్త ఎరగదు. ఆ ఖాళీలో ఏమీ లేదు. తిట్టు లేదు, వెక్కిరింపు లేదు. ఉత్త గాలి. దానికా ఇన్నేళ్ళు భయపడింది! వెన్ను దానంతటదే నిటారైంది. ఇంకా ఎంతసేపైనా కూర్చోగలదు తను. సాయంత్రం దాకా, రేపటి బస్సు దాకా.

సొలొమోను తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. తల్లి వంక చూడలేదు, కూతురి వంక చూడలేదు. బియ్యం డబ్బా వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“గ్లాసు బియ్యానికి,” అన్నాడు, “నీళ్ళెన్ని గ్లాసులు పొయ్యాలి, మార్తా?”